ఫ్లోరెన్స్‌లో బార్జెల్లో మ్యూజియానికి రెండు గంటలు సరిపోతాయా? ఏం చూడాలి?

మిలాన్‌లో మెటీరియల్స్ ఇంజనీరింగ్ చదువుతున్నానన్నారు. అమ్మగారు వస్తున్నారు, ఫ్లోరెన్స్‌కి ఒక్క రోజే కుదురుతుంది, అందులో బార్జెల్లోకి రెండు గంటలు. కళ గురించి ఏమీ తెలియదు, బైబిల్ కథలూ అంతంత మాత్రమే. పైగా అమ్మ పక్కన ఉండగా బట్టల్లేని విగ్రహాల ముందు ఎలా నిలబడాలా అని టెన్షన్. ఇదీ మీ ప్రశ్న.

రెండు గంటలు సరిపోతాయి. కాకపోతే ఆ రెండు గంటల్లో ఎనిమిదో తొమ్మిదో శిల్పాలు మాత్రమే చూడండి. మిగతావన్నీ దాటుకుంటూ వెళ్లిపోండి.

నేను హైదరాబాద్‌లో శిల్పం నేర్చుకుని, తర్వాత రెండేళ్లు ఫ్లోరెన్స్‌లో రాతి శిల్పాల సంరక్షణ చదివాను. మొదటిసారి బార్జెల్లోకి వెళ్లినప్పుడు పొద్దున్నంతా పెద్ద చిత్రాల గ్యాలరీలో తిరిగి, కాళ్లు పీకుతుండగా ఇక్కడికొచ్చాను. గది గదికీ పరుగెత్తి నూట నలభై ఫోటోలు తీశాను. రాత్రి రూమ్‌కి వచ్చి చూసుకుంటే ఏ విగ్రహం ఎవరిదో, వెనక వైపు ఎలా ఉంటుందో ఒక్కటీ గుర్తులేదు. ఆ తర్వాత రెండేళ్లలో నలభైసార్లకు పైగా వెళ్లి ఉంటాను. ఒక్కోసారి ఒకే విగ్రహం కోసం. అందుకే చెబుతున్నాను, రోజు మొదలుపెట్టడమే ఇక్కడ మొదలుపెట్టండి.

ముందు ఆ భవనం గురించి కొంచెం. 1255లో కట్టడం మొదలైంది. నగర పాలనాధికారులు ఉండేవారు. 1574 నుంచి పోలీసు అధిపతి ఉన్నాడు. ఆ పదవి పేరే బార్జెల్లో. అంటే శతాబ్దాల పాటు ఇది జైలు, ఉరిశిక్షల చోటు. 1478లో ఫ్లోరెన్స్ మీద పెత్తనం చేసిన మెదీచి కుటుంబంలోని జులియానోని చంపినవాళ్లలో ఒకడిని పట్టుకొచ్చి మరుసటేడు ఇక్కడే ఉరి తీస్తే, ఆ శవం వేలాడుతున్న దృశ్యాన్ని యువకుడైన లియొనార్డో దా విన్చీ కాగితం మీద గీసుకున్నాడు. 1786లో ఫ్లోరెన్స్ ఉన్న టస్కనీ ప్రాంతపు పాలకుడు పియెత్రో లెయొపోల్దో మరణశిక్షను పూర్తిగా రద్దు చేశాడు. 1865లో మ్యూజియం అయింది. ఆ ముంగిట్లో, బావి పక్కన ఒక్క నిమిషం నిలబడండి. ఇప్పుడు పావురాల చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

అందరూ టికెట్ కొనగానే కింద ఉన్న మైఖేలాంజెలో గదిలోకి పోతారు. మీరు మాత్రం ముంగిట్లోంచి పైకి వెళ్లే రాతి మెట్లెక్కి నేరుగా మొదటి అంతస్తులో శిల్పి దొనాతెల్లో పేరున్న హాలుకి వెళ్లండి. ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు, పొద్దున పూట మంచి వెలుతురు. అక్కడ గోడ మీద రెండు చిన్న కంచు పలకలు పక్కపక్కన ఉంటాయి. ఒక్కోటి దాదాపు మూరెడు ఎత్తు. చాలామంది వాటిని చూడకుండానే దాటిపోతారు. మీరు ఇంజనీర్ కాబట్టి పావుగంట వాటికే ఇవ్వండి.

1401లో ఫ్లోరెన్స్ బాప్తిస్తీ (బాప్తిస్మం ఇచ్చే గుడి) తలుపులకి కంచు పలకలు చేయించాలని బట్టల వర్తకుల సంఘం ఒక పోటీ పెట్టింది. అందరికీ ఒకటే ప్రశ్నపత్రం: అబ్రాహాము తన కొడుకు ఇస్సాకును బలి ఇవ్వబోతుండగా దేవదూత ఆపడం. దేవుడు తండ్రిని పరీక్షించి, కొడుకుని అడిగి, చివరి క్షణంలో వదిలేసిన కథ. మన చిరుతొండ నంబి, సిరియాళుడి కథ విన్నవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది, అమ్మగారికి అలాగే చెప్పండి. అబ్రాహాము, ఇస్సాకు, దేవదూత, పొట్టేలు, ఇద్దరు పనివాళ్లు, ఒక గాడిద, అన్నీ ఉండాలి. చట్రం నాలుగు రేకుల పువ్వు ఆకారం. ఏడుగురు పోటీ పడ్డారు. రెండే మిగిలాయి: లొరెంజో గిబెర్తిది ఒకటి, ఫిలిప్పో బ్రూనెల్లెస్కిది ఒకటి. ఇద్దరికీ అప్పటికి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లు. మీ క్లాస్‌మేట్ల వయసే.

పక్కన పెట్టిన పేర్లు చదవకుండా ముందు రెండు జవాబు పత్రాలూ మీరే దిద్దండి. ఒకదానిలో తండ్రి కొడుకు మెడ పట్టుకుని కత్తి దాదాపు ఆనించేశాడు, దేవదూత దూసుకొచ్చి ఆ చేతిని గట్టిగా పట్టేసింది. కింద ఒక పనివాడు ఇదేమీ పట్టకుండా కాలిలో ముల్లు తీసుకుంటున్నాడు. అది బ్రూనెల్లెస్కి. చూస్తుంటే గుండె ఝల్లుమంటుంది. రెండోదానిలో కత్తి ఇంకా దూరంలోనే ఉంది, దేవదూత ఆకాశంలోంచి ఇంకా వస్తూనే ఉంది, ఇస్సాకు ఒళ్లు పాతకాలపు రోమన్ విగ్రహంలా నునుపుగా, అందంగా ఉంది. అది గిబెర్తి. బహుమతి గిబెర్తికే వచ్చింది.

ఎందుకు? అందం ఒక కారణం. మీకు నచ్చే కారణం ఇంకొకటుంది. బ్రూనెల్లెస్కి బొమ్మల్ని విడివిడిగా పోతపోసి దళసరి పలకకి బిగించాడు. గిబెర్తి దాదాపు మొత్తాన్ని ఒకే పోతలో, వెనకంతా గుల్లగా ఉండేలా తీశాడు. అందుకని అది సుమారు ఏడు కిలోలు తేలిక. ఒక్క పలక మీద ఏడు కిలోల కంచు మిగిలితే, తలుపు మొత్తానికి ఎంత మిగులుతుందో ఆ వర్తకులు లెక్క వేసుకోకుండా ఉంటారా? గిబెర్తి ఆ తలుపుల పని 1424 దాకా చేశాడు. బ్రూనెల్లెస్కి తర్వాత అదే ఊరి కెథడ్రల్‌కి గుమ్మటం కట్టాడు. మీరు స్టేషన్ నుంచి నడిచొస్తుంటే ఇళ్ల కప్పుల మీదుగా కనపడేది ఆ గుమ్మటమే.

పోత పద్ధతి మనకి కొత్తది కాదు. లోపల మట్టి ముద్ద, దాని మీద మైనంతో బొమ్మ, పైన మళ్లీ మట్టి పూత. కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలోకి లోహం పోస్తారు. ఆదిలాబాద్ ఓజా కళాకారులు ఇప్పటికీ ఇదే సూత్రంతో ఇత్తడి బొమ్మలు చేస్తున్నారు.

ఇంకో మాట. సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు వేసుకున్న రెబెకా పాలరాతి విగ్రహం మనలో చాలామంది స్కూల్ టూర్‌లో చూసే ఉంటారు. ఆ రెబెకా ఎవరో కాదు, ఈ పలక మీద మెడ మీద కత్తితో కూర్చున్న పిల్లవాడికి తర్వాత భార్య అయిన అమ్మాయి. తెలుగు బైబిల్లో రిబ్కా అంటారు. దాన్ని చెక్కినవాడూ ఇటలీవాడే, బెంజోని. ఈ సంగతి నాకు ఫ్లోరెన్స్‌లో ఆ పలకల ముందు నిలబడి ఉన్నప్పుడు తట్టింది. ఎక్కడో అఫ్జల్‌గంజ్ దగ్గర చిన్నప్పుడు చూసిన విగ్రహం ఇక్కడి కథలోదని తెలిసేసరికి ఆ హాలు ఒక్కసారిగా నాకు పరాయిది కాకుండా పోయింది.

ఇక దావీదుల దగ్గరికి వద్దాం. కథ చిన్నది. గొల్యాతు అనే భారీ యోధుడిని గొర్రెలు కాసుకునే కుర్రవాడు దావీదు వడిసెలతో రాయి విసిరి కూల్చి, వాడి కత్తితోనే వాడి తల నరికాడు. తనకంటే పెద్ద రాజ్యాల మధ్య బతికిన ఫ్లోరెన్స్ ఆ కుర్రవాడిలో తనని తాను చూసుకుంది. అందుకే మళ్లీ మళ్లీ చెక్కించుకుంది. ఈ ఒక్క భవనంలో అలాంటివి నాలుగున్నాయి. కళ తెలియదని అన్నారు కదా, ఈ నాలుగింటి మధ్య తేడాలు వెతకండి చాలు. నాకు ఏ పుస్తకమూ ఇంతకంటే బాగా శిల్పం చూడటం నేర్పలేదు.

మొదటిది దొనాతెల్లో పాలరాతి దావీదు, 1408-09 నాటిది. వయసు ఇరవైల్లో ఉండగా చెక్కాడు. ఒంటి నిండా బట్టలున్నాయి. కెథడ్రల్ పైన ఎత్తులో పెట్టాలని చేశారు. తర్వాత 1416లో నగర ప్రభుత్వం అడిగి తమ భవనానికి తెచ్చుకుంది. కాళ్ల దగ్గర గొల్యాతు తల, నుదుట్లో దిగిన రాయి స్పష్టంగా కనపడతాయి. నిలబడటంలో ఇంకా కొంచెం బిగుతు, మెడ సన్నగా, చూపు ఎటో.

రెండోది అదే దొనాతెల్లో కంచు దావీదు. ఎన్నో ఏళ్ల తర్వాత, మెదీచి కుటుంబం ఇంటి ముంగిలిలో నిలబెట్టారు. ఎత్తు 158 సెంటీమీటర్లే. ప్రాచీన రోమ్ తర్వాత యూరప్‌లో ఏ గోడకీ ఆనుకోకుండా నిలబడిన మొదటి నగ్న కంచు విగ్రహంగా దీన్ని చెబుతారు. ఒంటి మీద టోపీ, బూట్లు తప్ప ఏమీ లేవు. అమ్మగారి పక్కన మీకు ఇబ్బంది అనిపించేది బహుశా ఇక్కడే. దీని గురించి కింద చెబుతాను. ఇప్పుడు మాత్రం చుట్టూ తిరగండి. ముందు నుంచి చూస్తే మెత్తటి ముఖం, అరమోడ్పు కళ్లు. పక్కకి వస్తే పాదం కింద నలిగిన గొల్యాతు గడ్డం, పాదం వేళ్లు ఆ గడ్డంలో కూరుకుపోయి ఉంటాయి. వెనక్కి వెళ్తే గొల్యాతు శిరస్త్రాణం మీది రెక్క కుర్రవాడి కాలి లోపలి వైపు పైకి పాకి ఉంటుంది. ముందు నుంచి ఒక్క ఫోటో తీసుకుని వెళ్లేవాళ్లకి ఇవేవీ తెలియవు. బరువంతా ఒక కాలి మీద వేసి రెండో మోకాలు వదులు చేసిన ఆ భంగిమ చూస్తే రామప్ప గుడి మదనికలు గుర్తొస్తారు. ఉద్దేశం వేరు, ఒంటి లయ మాత్రం దగ్గరిది. 2007-08లో దీన్ని మ్యూజియంలోనే, జనం చూస్తుండగా లేజర్‌తో శుభ్రం చేశారు. అప్పుడు జుట్టు మీద బంగారు పూత జాడలు బయటపడ్డాయి. కొత్తలో ఇది నల్లగా లేదు, మెరిసేది.

మూడోది పై అంతస్తులో ఉంటుంది, వెరోక్కియో చేసిన కంచు దావీదు. లియొనార్డో గురువు ఈయనే. ఇది కూడా మెదీచిలదే. 1476లో లొరెంజో, జులియానో అన్నదమ్ములు దీన్ని 150 ఫ్లోరిన్లకి (అప్పటి బంగారు నాణేలు) నగర ప్రభుత్వానికి అమ్మారు. ఆ జులియానోనే పైన ఉరి కథలో చెప్పాను. ఈ దావీదుకి బట్టలున్నాయి, ఒంటికి అతుక్కున్న తోలు చొక్కా. పక్కటెముకలు, మోచేతి ఎముక, చేతి మీద నరాలు లెక్కపెట్టొచ్చు. నడుం మీద చేయి పెట్టుకుని, పరీక్షలో ఫస్ట్ వచ్చిన పిల్లవాడిలా నవ్వుతున్నాడు. దొనాతెల్లో దావీదు కలలో ఉన్నట్టుంటాడు, వీడు పూర్తిగా మెలకువలో ఉన్నాడు. ఈ రెండు కంచు దావీదుల్లో నా వరకు నాకు దొనాతెల్లోదే పైమెట్టు. మా అమ్మకి మాత్రం వెరోక్కియో కుర్రాడే నచ్చాడు.

నాలుగోది కింద, మైఖేలాంజెలో గదిలో. 1530 ప్రాంతంలో మొదలుపెట్టి పూర్తి చేయకుండా వదిలేశాడు. దావీదో, అపొలో దేవుడో ఇప్పటికీ వాదనలే. ఒక చేయి భుజం మీదుగా వెనక్కి వెళ్తోంది, వడిసెల కోసమా, అమ్ముల పొది కోసమా తేలదు. దీని దగ్గర నా సలహా ఒకటే, చర్మం చూడండి. పళ్లున్న ఉలితో గీసిన సమాంతర గీతలు ఒళ్లంతా అలాగే ఉన్నాయి. ఒంపు ఎటు తిరిగితే గీతలూ అటు తిరిగాయి. పెన్సిల్‌తో నీడలు వేసినట్టు ఉలితో వేశాడు. నునుపు చేసేసిన విగ్రహంలో శిల్పి చేయి మాయమవుతుంది. ఇందులో ఐదొందల ఏళ్ల తర్వాత కూడా ఆయన మణికట్టు కదలిక కనపడుతుంది. రాయి పని తెలిసినవాడిగా ఈ మ్యూజియంలో నాకు అన్నిటికంటే ప్రియమైన శిల్పం ఇదే.

ఇదే ఊళ్లో అకాడెమియా అనే ఇంకో మ్యూజియంలో ఉన్న మైఖేలాంజెలో ప్రసిద్ధమైన పెద్ద దావీదుని వదిలేసి ఇక్కడికి రావడం తప్పా అని కూడా అడిగారు. తప్పు కాదు. ఈ నాలుగూ చూసినవాళ్లకి ఐదోది ఇంకో ప్రయాణంలో చూస్తే ఎక్కువ అర్థమవుతుంది.

అదే గదిలో మీ సబ్జెక్టుకి సరిపోయే జంట ఒకటుంది. మైఖేలాంజెలో బాకస్, ఆయన ఇరవై ఒకటో ఏట రోమ్‌లో మొదలుపెట్టినది. తాగి తూలుతున్న దేవుడు. చేయించిన కార్డినల్‌కి నచ్చక తీసుకోలేదు. పాలరాయి నొక్కుడుకి తట్టుకుంటుంది, వంపుకి తట్టుకోదు. కాళ్ల సన్నదనం మీద అంత బరువు నిలబెడితే చీలమండ దగ్గర విరుగుతుంది. అందుకే కాలి వెనక చెట్టు మోడు, దాని మీద ద్రాక్షలు తింటున్న చిన్న సాటిర్ (మేక కాళ్లున్న పురాణ పాత్ర). ఆ పిల్లవాడు అలంకారంలా కనిపిస్తాడు గానీ నిజానికి ఊతం. ఇప్పుడు జంబొలోన్యా అనే శిల్పి చేసిన మెర్క్యురీ, అంటే రోమన్ దేవతల దూత, దగ్గరికి వెళ్లండి. కంచు. మొత్తం ఒళ్లంతా ఒక కాలి మునివేళ్ల మీద నిలబడి ఎగిరిపోతోంది, ఆ వేళ్ల కింద గాలి దేవుడి నోట్లోంచి వచ్చే ఊపిరి. రాతిలో ఇది అసాధ్యం. క్లాసులో చదివిన టెన్సైల్ స్ట్రెంగ్త్ (లాగినా తెగకుండా నిలిచే బలం) అనే మాటకి ఇంతకంటే అందమైన బొమ్మ నేను చూడలేదు.

దొనాతెల్లో హాల్లో ఇంకొకటి చెప్పడం మరిచాను, సెయింట్ జార్జ్. కవచాలు, ఆయుధాలు చేసే కమ్మరుల సంఘం 1415-17 ప్రాంతంలో చేయించింది. డాలు నేల మీద ఆనించి, కనుబొమలు ముడిచి నిలబడ్డ యువకుడు. ఆ ముఖంలో ధైర్యంతో పాటు కొంచెం భయం కూడా ఉంది, అందుకే నమ్మబుద్ధేస్తుంది. కింద పీఠం మీద గుర్రమెక్కి డ్రాగన్‌ని పొడిచే దృశ్యం ఉంటుంది. మోకాళ్లు వంచి, పక్క నుంచి చూడండి. రాతిలో లోతు కొద్ది మిల్లీమీటర్లే, కానీ చెట్లు, గుహ, దూరంగా భవనం అన్నీ వెనక్కి వెనక్కి వెళ్తుంటాయి. దీన్ని స్కియాచ్చాతో అంటారు, అణిచి చదును చేసినది అని అర్థం.

ఇక అమ్మగారి సంగతి. నేను మా అమ్మని తీసుకెళ్లినప్పుడు మీలాగే భయపడ్డాను. గుంటూరు జిల్లా పల్లెటూరి నుంచి వచ్చిన మనిషి. నేను కంచు దావీదు దగ్గర గబగబా దాటించబోతే ఆవిడే ఆగి, “ఎందుకురా తొందర, గుళ్లల్లో లేవా ఇవి?” అంది. అవును, మన గుళ్ల గోడల మీద ఉన్నవే. పెద్దవాళ్ల గురించి మనం పడే ఇబ్బంది చాలావరకు మనదే. అయినా మీకు మొహమాటంగా ఉంటే సెయింట్ జార్జ్‌తో, పాలరాతి దావీదుతో మొదలుపెట్టండి. ఆ తర్వాత కంచు దావీదు దగ్గరికి వచ్చేసరికి కథ నడుస్తూ ఉంటుంది, ఒళ్లు కాదు.

మా అమ్మ ఎక్కువసేపు నిలబడింది మాత్రం లూకా దెల్లా రొబ్బియా చేసిన మట్టి బొమ్మ ముందు. గులాబీ పొదల మధ్య మేరీమాత, ఒళ్లో పిల్లవాడు. నీలం మీద తెలుపు, పింగాణీలా మెరుస్తుంది. కాల్చిన మట్టి మీద తగరం కలిపిన గాజు పూత వేసి మళ్లీ కాల్చే పద్ధతిని శిల్పానికి తెచ్చినవాడు లూకా. అతని కుటుంబం మూడు తరాలు ఆ పని చేసింది. దాదాపు ఆరొందల ఏళ్లయినా ఆ నీలం వెలవలేదు. “పిల్లాడు అచ్చం మన బుజ్జిగాడిలా చెయ్యి చాస్తున్నాడు” అంది అమ్మ. దాని పక్కన నేను చెప్పగలిగింది ఏమీ లేకపోయింది.

కొన్ని పనికొచ్చే విషయాలు. మిలాన్ నుంచి వేగపు రైలు రెండు గంటల్లోపు తెస్తుంది. సాంతా మరియా నొవెల్లా స్టేషన్ నుంచి ఇరవై నిమిషాల నడక. వారంలో సెలవు రోజు, మూసే వేళలు మారుతుంటాయి, ముందు రోజు మ్యూజియం వెబ్‌సైట్‌లో తప్పకుండా చూసుకోండి. నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలు ఉచితం, కానీ అమ్మగారితో వెళ్తున్నారు కాబట్టి ఆ రద్దీ వద్దు. 18-25 ఏళ్లవాళ్లకి ఇచ్చే 2 యూరోల టికెట్ యూరోపియన్ యూనియన్ పౌరులకి, స్టూడెంట్ కార్డు చూపిస్తే రాదు. ఆర్కిటెక్చర్, కళల సంరక్షణ చదివే స్నేహితులెవరైనా మీతో వస్తే మాత్రం యూనివర్సిటీ సర్టిఫికెట్ పట్టుకెళ్లి ఉచిత ప్రవేశం ఉందేమో కౌంటర్‌లో అడగమనండి. ఫోటోలు ఫ్లాష్ లేకుండా. గదుల అమరిక అప్పుడప్పుడు మారుతుంది కాబట్టి లోపలికి వెళ్లగానే మ్యాప్ తీసుకోండి. ఒక చిన్న నోటుబుక్కు, పెన్సిల్ ఉంటే ఇంకా మంచిది. బొమ్మలు వేయడం రాకపోయినా ఒక్క చేయో పాదమో గీయడానికి ప్రయత్నిస్తే, కన్ను పదింతలు గమనిస్తుంది.

బయటికొచ్చాక అయిదు నిమిషాలు నడిస్తే ఓర్సాన్మికేలే అనే చర్చి. సెయింట్ జార్జ్ మొదట నిలబడిన గూడు ఆ గోడలోనే ఉంది, ఇప్పుడు అందులో నకలు పెట్టారు. వీధిలోంచి తలెత్తి చూడండి, ఆ కనుబొమలు ఎందుకంత లోతుగా చెక్కాడో అప్పుడు తెలుస్తుంది. ఇంకో నాలుగడుగులు వేస్తే సిన్యోరియా చౌకులో, లొజ్జా అనే తెరిచిన కమానుల మంటపం కింద, శిల్పి చెల్లీనీ చేసిన గ్రీకు వీరుడు పెర్సియుస్ కంచు విగ్రహం ఉంటుంది. టికెట్ అక్కర్లేదు, అమ్మగారు కూర్చోవడానికి రాతి అరుగు కూడా ఉంది.

వెళ్లొచ్చాక ఇక్కడే రాయండి, ఆ 1401 పలకల్లో మీరు ఎవరికి మార్కులు వేశారో, అమ్మగారు ఎవరికి వేశారో. నేనైతే బ్రూనెల్లెస్కికే వేసేవాణ్ని, ఏడు కిలోలు బరువెక్కువైనా సరే.